దానము, వెల్లడి, అనుమతి
విద్యాసంస్థలకు వచ్చు విదేశీ ధనమును గూర్చిన చట్టముల విమర్శ

కృష్ణగిరి, హోసూరు ప్రాంతములందలి పాత దేవాలయముల గోడలపై దానశాసనములు కనిపించును. కొన్ని తమిళమున, కొన్ని కన్నడమున, కొన్ని తెలుగున ఉండవచ్చును. భాష మారినను వాటి కట్టుబాటు ఇంచుమించుగా ఒక్కటియే. ఏ కాలమున, ఎవరి ఏలుబడిలో, ఎవరు, ఎవరికి, ఏమి, దేనికొరకు ఇచ్చిరో అందు చెక్కబడి యుండును. ఇచ్చినది భూమియైనచో నాలుగు దిక్కుల ఎల్లలు చెప్పబడును. చివర దానమును హరించువానికి శాపము. దాత ఏ దేశమునుండి వచ్చినవాడను ప్రశ్న ఈ శాసనములలో ముఖ్యము కాదు. ఇచ్చినది నలుగురెదుట ఇచ్చెననుటయు, ఇచ్చిన షరతు రాతిపై నిలిచెననుటయు ముఖ్యము. నేటి పార్లమెంటులు విద్యాసంస్థలకు వచ్చు విదేశీ ధనమును గూర్చి చేసిన చట్టములను ఈ పాత రాళ్ళ ప్రక్కన నిలిపి చూచినచో, వాటి గుణదోషములు కొంత తేటపడును.

పరదేశపు ధనము విద్యను వంచునను భయము నిరాధారమైనది కాదు. 1950లో ఏర్పడిన సాంస్కృతిక స్వాతంత్ర్య కాంగ్రెసు అను అంతర్జాతీయ సంస్థ అనేక దేశములలో సభలు జరిపెను, పత్రికలు నడిపించెను. దానికి భారతదేశమునను శాఖ యుండెను. ఆ సంస్థకు అమెరికా గూఢచారి శాఖయైన సి.ఐ.ఎ. ధనము చేరుచుండెనని 1966, 1967 సంవత్సరములలో బయటపడెను. ఆసియా ఫౌండేషను సంగతియు 1967లో అట్లే వెల్లడియయ్యెను. మరుసటి యేట ఆ సంస్థ భారతదేశమున తన కార్యక్రమములను ముగింపవలసి వచ్చెను. ఆ ధనముతో వ్యాసములు వ్రాసినవారిలో పెక్కురు నిజాయితీపరులు. తమ చేతికి వచ్చిన రూపాయి ఎచ్చటినుండి వచ్చెనో ఎరుగనివారు. వారికి జరిగిన అన్యాయమే అది. వారు నమ్మి వ్రాసిన మాటయు అమ్ముడుపోయిన మాటవలె లోకమునకు కనబడెను.

అదే దశాబ్దమున, అదే దేశపు ధనము తెలుగునాటికి మరియొక దారిని వచ్చినది. 1954లో అమెరికా చేసిన పి.ఎల్.480 చట్టము క్రింద భారతదేశము గోధుమలు కొని, వెల రూపాయలలో చెల్లించెను. ఆ రూపాయలలో కొంత భాగమును వెచ్చించి 1962 నుండి అమెరికా జాతీయ గ్రంథాలయము ఢిల్లీలోని తన కార్యాలయము ద్వారా భారతీయ భాషల గ్రంథములను కొని అచ్చటి విశ్వవిద్యాలయములకు పంపసాగెను. వాటిలో తెలుగు గ్రంథములును ఉండెను. ఆనాడు తెలుగునాట కొద్ది ప్రతులు మాత్రమే అచ్చుపడి కాలక్రమమున దొరకకుండ పోయిన పుస్తకములను, సముద్రముల కావల గ్రంథాలయములలో నేటికిని చదువుటకు వీలగుట ఆ గోధుమల చలువయే. ఈ పథకము చట్టములో వ్రాయబడినది; లెక్క చూడగోరిన వారికి దొరకునది.

1964లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో వెలసిన అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రమునకును ఈ రూపాయల అండ ఉండెను. దేశపు నలుమూలలనుండి అధ్యాపకులు వచ్చి ఆ గ్రంథాలయమున చదివిరి. భారతీయ విశ్వవిద్యాలయముల ఆంగ్ల శాఖలలో అమెరికా సాహిత్యము పాఠ్యాంశముగా వ్యాపించుటకు ఆ కేంద్రము ఎంతయో తోడ్పడినది. ఇది ప్రభావము కాదా? అవును, ప్రభావమే. ఎవరి నోటినైనను మూయుట వలన కలిగినది కాదు. పుస్తకములు, వసతి, వేతనము ఉన్నచోటికి పరిశోధకుడు సహజముగా నడచుట వలన కలిగినది. కాలువ పారినవైపే పంట పండును. అయినను ఆ కాలువ ఎవరు త్రవ్విరో అందరికిని తెలియును గనుక, అచ్చట చదివిన పరిశోధకుని గ్రంథమును చదువువాడు తన తూకమును తాను వేసికొనగలిగెను.

ఈ రెండు ఉదాహరణములను జోడించి చూచినచో ఒక సూత్రము తేలును. రెండింటను ధనము పరదేశముదే, దేశమును ఒక్కటియే. ఒకచోట అపకీర్తియు, మరియొకచోట ఉపకారమును మిగిలినవి. భేదము ధనము పుట్టిన చోటియందు లేదు, దాని వెల్లడియందు కలదు. కావున ఇట్టి చట్టమును పరీక్షించువారు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: ఈ చట్టము ధనమును వెలుగులోనికి తెచ్చుచున్నదా, లేక ధనము వచ్చు ద్వారమునకు కావలివానిని మాత్రము నిలుపుచున్నదా?

భారతదేశపు విదేశీ విరాళముల నియంత్రణ చట్టము 1976లో, అత్యవసర పరిస్థితి కాలమున పుట్టినది. ఎన్నికల అభ్యర్థులు, పత్రికా సంపాదకులు, ప్రభుత్వోద్యోగులు మున్నగువారు విదేశీ విరాళము గైకొనరాదని అది నిషేధించెను. విద్య, సంస్కృతి, మతము, సంఘసేవ మున్నగు కార్యములు చేయు సంస్థలు మాత్రము తాము గైకొనిన దానిని ప్రభుత్వమునకు తెలిపిన చాలునని విధించెను. అనగా ఈ సంస్థల విషయమున అది మొదట వెల్లడి చట్టమే. 1984లో వచ్చిన సవరణతో ముందుగా నమోదు కావలెనను నియమము చేరినది. 2010 నాటి క్రొత్త చట్టము, 2011 మే నుండి అమలునకు వచ్చి, ఆ నమోదునకు ఐదేండ్ల గడువు పెట్టినది. గడువు తీరినపుడెల్ల మరల అర్థించవలెను. 2020 సవరణ విరాళము మొదట ఢిల్లీలోని భారతీయ స్టేటు బ్యాంకు ప్రధాన శాఖలోనే పడవలెననియు, ఒక సంస్థ గైకొనిన దానిని వేరొక సంస్థకు పంచరాదనియు, కార్యాలయ వ్యయము నూటికి 20 మించరాదనియు నిర్ణయించినది. అంతకుముందు ఆ హద్దు నూటికి 50. ఈ సవరణలను 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ప్రధానముగా సమర్థించినది; విదేశీ విరాళము పొందుట ఎవరికిని నిరపేక్షమైన హక్కు కాదని తేల్చినది.

ఆ తీర్పు న్యాయము మాట అట్లుండనిండు. 2022 జూలైలో జరిగిన మార్పులే విమర్శకుని దృష్టిని ముఖ్యముగా ఆకర్షింపవలసినవి. అంతవరకు ప్రతి మూడు నెలలకు వచ్చిన విదేశీ విరాళమును దాతల వివరములతో వెబ్‌సైటులో ప్రకటింపవలెనను నియమముండెను, అది తొలగింపబడినది. సంవత్సరపు లెక్కను ప్రకటించు నియమము మిగిలినది. అయితే అదే నెలలో, ప్రజలు చూచుటకు వీలుగా హోంశాఖ వెబ్‌సైటునందున్న సంస్థల వార్షిక నివేదికలు కనబడకుండ పోయినవి. నలుబదియారేండ్లలో చట్టము నడచిన దారి ఇది: వెల్లడితో మొదలై అనుమతికి చేరినది, అనుమతి బిగిసినకొలది వెల్లడి సడలినది. ప్రభుత్వమునకు అంతయు తెలియును, పొరుగువానికి తెలియదు. శాసనమును చెక్కించి, ఆ రాతిని కోశాగారమున దాచినట్లయినది.

అమెరికా దారి వేరు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టమునకు 1986లో చేర్చిన నిబంధన, నేడు 117వ సెక్షనుగా వ్యవహరింపబడునది, విదేశీ ధనమును నిషేధింపదు. ఒక విదేశీ మూలమునుండి ఒక సంవత్సరమున 2,50,000 డాలర్లు గాని అంతకు మించి గాని దానముగనో ఒప్పందముగనో పొందిన కళాశాల, జనవరి 31, జూలై 31 తేదీలకు ప్రభుత్వమునకు నివేదింపవలెను. షరతులతో కూడిన దానమైనచో ఆ షరతులను కూడ వివరింపవలెను. ఆచార్యుని నియామకముతోనో, ఒక శాఖ స్థాపనతోనో, పాఠ్యక్రమముతోనో ముడిపడిన ధనమును వేరుగా చూచు ఈ వివేకము ఆ చట్టమునందలి మేలు. దానశాసనము నాలుగు ఎల్లలను చెప్పినట్లే ఇది దానపు ఎల్లలను చెప్పుమనుచున్నది.

అయినను మంచి నియమము కాగితముపై నుండిన మాత్రమున ఫలము రాదు. ముప్పది యేండ్లకు పైగా ఆ నియమమును విశ్వవిద్యాలయములును లక్ష్యపెట్టలేదు. ప్రభుత్వమును గట్టిగా అడుగలేదు. 2019లో విచారణలు మొదలైన పిదప, అంతవరకు చెప్పని ధనము 650 కోట్ల డాలర్లకు మించి బయటపడినదని అచ్చటి విద్యాశాఖ 2020లో తెలిపినది. చీనా ప్రభుత్వపు అండతో భాష నేర్పిన కన్‌ఫ్యూషియస్ సంస్థల కథ భాషోపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. ఒకనాడు అమెరికాలో నూరు దాటిన ఆ సంస్థలు, 2018 నాటి రక్షణ వ్యయ చట్టము వచ్చిన పిదప ఇంచుమించుగా అన్నియు మూతపడినవి. వాటి ఒప్పందములలో కొన్నిట గోప్యతా షరతులుండుట అనుమానమును పెంచినది. చీనా భాష నేర్చుకొనుటలో దోషము లేదు. ఏ షరతుతో నేర్పుచున్నారో చెప్పకపోవుటయే దోషమైనది. దాని ఫలమును ఆ భాష నేర్వగోరిన విద్యార్థి అనుభవించెను.

వెల్లడి చట్టము సయితము కోపమునకు పనిముట్టు కాగలదు. 2025 మార్చిలో అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లు నివేదన పరిమితిని 50,000 డాలర్లకు దించజూచెను. ఆందోళన కలిగించు దేశములుగా పేర్కొన్నవాటి విషయమున ఏ పరిమితియు లేదనెను. 2025 ఏప్రిల్ 23న అధ్యక్షుని ఉత్తర్వు ఈ నిబంధన అమలును కఠినము చేసినది. ప్రభుత్వమునకును కొన్ని విశ్వవిద్యాలయములకును వేరు కారణములచే వివాదము ముదిరియున్న సమయమది. న్యాయమైన లెక్క యడుగుటయు, అడుగువాని ఉద్దేశము శంకకు తావిచ్చుటయు ఒకేచోట జరుగవచ్చును. అందుచేత అందరినీ ఒకే రీతిగా, అన్ని కాలములందును అడుగు చట్టమే మంచి చట్టము.

ఈ రెండు చట్టముల నడుమ తెలుగువాని స్థితి విచిత్రమైనది. హోసూరు తాలూకా గ్రామమున పుట్టి, తెలుగు బడిలో చదివి, అట్లాంటాలో ఉద్యోగము చేయు ఒకనిని ఊహింతము. భారతీయ పాసుపోర్టు చేత నున్నంతకాలము అతడు తన ఊరి బడికి సొంత సంపాదననుండి పంపు ధనము భారత చట్టము దృష్టిలో విదేశీ విరాళము కాదు. కాని అదే ధనమును అచ్చటి విశ్వవిద్యాలయమున తెలుగు పీఠమునకు పెద్ద మొత్తముగా ఇచ్చినచో అమెరికా చట్టమున అతడు విదేశీ మూలము. ఒకనాటి ఉదయము అతడు అమెరికా పౌరసత్వపు ప్రమాణము చేయును. సాయంకాలమునకు లెక్క తారుమారగును. అట్లాంటాలో స్వదేశి, హోసూరులో విదేశీ మూలము. మనిషి మారలేదు, ధనము మారలేదు, తెలుగుపై ప్రేమ మారలేదు. చట్టము చూచినది పాసుపోర్టును, షరతును కాదు.

ఆ పిమ్మట అతడు తన తమ్మునికి ఏటా పది లక్షల రూపాయలవరకు పంపవచ్చును. 2022 నియమముల ప్రకారము దానిని ప్రభుత్వమునకు తెలుపనక్కరయు లేదు. కాని ఊరిలో తెలుగు పుస్తకములు పంచు చిన్న సంఘమునకు పదివేలు పంపినను ఆ సంఘము చట్టము క్రింద నమోదై యుండవలెను. నమోదు కావలెనన్నచో సంఘమునకు మూడేండ్ల వయస్సుండవలెను. ఆ మూడేండ్లలో తన ముఖ్య కార్యములపై 15 లక్షల రూపాయలు వెచ్చించి యుండవలెను. వీథి అరుగుపై సాయంకాలము తెలుగు అక్షరములు నేర్పు సంఘమునకు ఆ మొత్తము ఎచ్చట? ఒక్క దాతనుండి ఒక్క కార్యమునకై ముందస్తు అనుమతి కోరు మార్గమొకటి కలదు; అదియు ఢిల్లీదాక సాగు దారియే.

ఇదే హోసూరులో 1970ల నుండి పారిశ్రామిక వాడ వెలసినది. ప్రపంచ విపణితో ముడిపడిన కర్మాగారములు అచ్చట నడచుచున్నవి. 2016 నాటి ఆర్థిక చట్టము ద్వారా వచ్చిన సవరణ ప్రకారము, భారతదేశమున నమోదైన కంపెనీలో సగమునకు మించిన వాటా విదేశీయులదైనను, విదేశీ పెట్టుబడి హద్దులకు లోబడినంతవరకు అది విదేశీ మూలము కాదు. ఆ సవరణకు వెనుకటి తేదీనుండి బలమీయబడినది. 2018లో దానిని 1976 దాక వెనుకకు జరిపిరి. రాజకీయ పక్షములు గైకొనిన విరాళములపై 2014లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పిన పిదప జరిగిన మార్పిది. అట్టి కంపెనీ బడికి కట్టించిన గది స్వదేశీ దానము. ఆ బడిలోనే చదివి వెళ్ళినవాడు అమెరికా పౌరుడై పంపిన పలకలు విదేశీ విరాళము. పెద్దలకు తలుపు వెడల్పయినది; చిన్నవానికి గడపయే గోడ యయినది.

విశ్వవిద్యాలయముల స్థితి ఇంకను గమనింపదగినది. చట్టసభల చట్టములచే ఏర్పడి, తమ లెక్కలను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తప్పక తనిఖీ చేయు సంస్థలకు 2011 నాటి ప్రకటన ఈ చట్టమునుండి మినహాయింపు నిచ్చినది. ఆ కోవకు చెందిన విశ్వవిద్యాలయములకు ఆడిటు కలదు గనుక మినహాయింపు సబబే. కాని ఆడిటు రూపాయిని లెక్కించును; రూపాయితో వచ్చిన షరతును తూచదు. ఏ పీఠము ఎవరి కోరికపై ఏర్పడెను, ఆచార్యుని ఎంపికలో దాతకు మాట కలదా, పరిశోధన ఫలితమును ప్రచురించుటకు దాత ఒప్పుకోలు కావలెనా అను ప్రశ్నలకు పౌరునికి సులభముగా జవాబు దొరకు ఏర్పాటు ఈ చట్టములో లేదు. ప్రభావము నిజముగా ప్రవేశింపగల పెద్ద ద్వారమున ఈ ప్రశ్న లేదు. అరుగుబడి గుమ్మమున మాత్రము కావలి కలదు.

కృష్ణగిరి జిల్లా తెలుగువారికి ఇది దూరపు చర్చ కాదు. 2006 నాటి తమిళాభ్యాస చట్టము తమిళనాట తమిళమును ఒకటవ తరగతినుండి ఏటేటా నిర్బంధ పాఠ్యముగా చేసినది. భాషా మైనారిటీ విద్యార్థులు పదవ తరగతి పరీక్షలో మినహాయింపునకై న్యాయస్థానములను ఆశ్రయింపవలసి వచ్చినది. తమిళము నేర్చుట ఇచ్చటి తెలుగు బిడ్డకు మేలే, అవసరమే. ఆ సంగతిపై పేచీ లేదు. కాని తెలుగు చదువు నిలుచుట నానాటికి సమాజపు పూనికపై ఆధారపడుచున్నది. పొరుగున కుప్పములో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమున పై చదువు చదువుటకైనను, మొదట ఊరిబడిలో అక్షరము దక్కవలెను. సముద్రము దాటినవారి సహాయము ఆ అక్షరమునకు అందకుండుట ఎవరి భద్రతను పెంచును?

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: చిన్న సంఘములకు సడలింపు నిచ్చినచో ఆ సందున చెడు ధనమును జొరబడదా? జొరబడవచ్చును. అందుచేతనే సడలింపు అనుమతి విషయమున మాత్రము ఉండవలెను గాని వెల్లడి విషయమున ఉండరాదు. ఒక హద్దునకు లోబడిన విరాళమును ముందస్తు నమోదు లేకయే గైకొననిచ్చి, నెల తిరుగకముందే దాత పేరు, మొత్తము, కార్యము, షరతు నలుగురికి తెలియునట్లు ప్రకటింపుమనినచో, జొరబడిన ధనము ఊరివారి కంటనే మొదట పడును. ఊరి కన్ను ఢిల్లీ దస్తరముకంటె దగ్గరిది.

రెండవది మర్యాదకు సంబంధించినది. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచరాదందురు. కుడిచేత ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదందురు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టునపుడు ఆ మాటలు శిరోధార్యములు. విద్యకిచ్చు దానము అట్టిది కాదు. అన్నము తిన్నవాని కడుపున అణగును. విద్య తరతరములకు ప్రాకును. పైగా తిన్నింటి వాసములు లెక్కపెట్టరాదను సంస్కారము తెలుగువానికి ఉగ్గుపాలతో అబ్బినది. ఉపకారవేతనము పొందిన పండితుడు దాతను విమర్శింప జంకుట ద్రోహబుద్ధి కాదు, కృతజ్ఞతయే. ఆ కృతజ్ఞత ఎవరియెడనో చదువరికి తెలిసియుండవలెను. కావున విద్యాదానమున గుప్తత పుణ్యము కాదు. అచ్చట ఆవు పళ్ళు ఎంచుటయే ధర్మము.

చట్టములు మారుటకు కాలము పట్టును. అంతవరకు తెలుగు సంఘములు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. స్వదేశీ ధనమైనను, చట్టము అనుమతించిన విదేశీ ధనమైనను, బడికిగాని సంఘమునకుగాని వచ్చిన ప్రతి విరాళమును గోడపై వ్రాయవచ్చును. ఎవరు, ఎంత, దేనికి, ఏ షరతుతో అను నాలుగు మాటలు చాలును. షరతు లేనిచో లేదని వ్రాయవలెను. రాజకీయ నాయకుడు ఇచ్చినను, కర్మాగారము ఇచ్చినను, పూర్వవిద్యార్థి ఇచ్చినను ఒకే వరుసలో ఒకే అక్షరములతో వ్రాయవలెను. పాఠములో ఏది ఉండవలెనో, ఉపాధ్యాయుడు ఎవరు కావలెనో శాసించు షరతు వచ్చినచో, దాత స్వదేశియైనను సవినయముగా తిరస్కరింపవలెను. ఇట్లు తమ లెక్కను తాము వెలుగులో నిలిపినవారికే ప్రభుత్వపు లెక్కను వెలుగులో నిలుపుమని అడుగు నోరుండును.

రాజ్యములు పోయినవి, ఎల్లలు మారినవి. సేలము జిల్లాలోని హోసూరు 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును చేరినది. దేవాలయపు గోడపై దాత పేరు మాత్రము ఎండకు వానకు నిలిచి, అక్షరము తెలిసిన ఎవరికైనను తన షరతును చెప్పుచునే యున్నది. విద్యాదానమును కాపాడదలచిన నేటి చట్టకర్తలకు ఆ రాతికంటె మేలైన ముసాయిదా వేరొకటి అక్కరలేదు.